బండకు పెట్టిన వంకలు

మా దుకాణంలో నేను అక్షరాల కంటే ముందు నేర్చుకున్న విద్య వంకలు పెట్టడం. రైతు బస్తా మూతి విప్పగానే ముఖం చిట్లించాలి. గుప్పెడు మిరపకాయలు తీసి చెవి దగ్గర ఆడించాలి. చప్పుడు రాకపోతే "పచ్చిగున్నయి" అనాలి. గలగలమంటే "మరీ ఎండినయి, ముట్టుకుంటె పొడైతున్నయి" అనాలి. ఏ వంకా దొరక్కపోతే నిట్టూర్చి ఊరుకోవాలి. అది అన్నిటికంటే పెద్ద వంక.

మా నాన్న గద్దె మీద కూర్చుని చెప్పేవాడు. "మాల్ మంచిగున్నదని మెచ్చుకునెటోడు అటే నడిసిపోతడు బిడ్డా. వంక పెట్టెటోడు కొంటడు. వాని చెయ్యి ఇడువకు."

ఈ విద్యలో నేను నాన్నను మించానని బజారంతా అనేది. నా పెళ్లిలో పురోహితుడు ముహూర్తం చెబితే ఓ గడియ తగ్గించమని అడిగానని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. అడగలేదు. అడిగి ఉండేవాణ్ణేనన్నది మాత్రం నిజం.

మట్టెవాడలో కింద దుకాణం, పైన ఇల్లు. మధ్యలో చెక్క మెట్లు, చెక్క కప్పు. కింద మిరపకాయల బస్తా కదిలితే పైన ఉయ్యాలలోని పసిపాప తుమ్మేది. మా వంశంలో అందరం ఆ ఘాటులోనే పుట్టాం, దానితోనే పెరిగాం. మాకు అది వాసన కాదు, గాలే. కాని నా భార్య పరకాలలో బట్టల దుకాణం వాళ్ల ఇంటి నుంచి వచ్చింది. కొత్త గుడ్డల గంజి వాసన తప్ప మరొకటి ఎరుగదు. మొదటి ఏడాది తుమ్మింది. తరువాత దగ్గింది. కొన్నేళ్లకు మేం దమ్మనే ఉబ్బసం పట్టుకుంది. పంతొమ్మిది వందల అరవై దాటేసరికి ఆమె మాట ఒకటి రెండు ముక్కలకు ఒకసారి ఆగేది. "బియ్యం... అయిపోయినయి... తెప్పియ్యిండ్రి" అనడానికి రెండుచోట్ల గోడ పట్టుకునేది.

నేను కింద గద్దె మీద కూర్చుని పైన దగ్గు ఎక్కడ వినిపిస్తే ఆమె అక్కడ ఉందని తెలుసుకునేవాణ్ణి. పొయ్యి దగ్గర దగ్గు, కిటికీ దగ్గర దగ్గు, మంచం మీద దగ్గు. కొంతసేపు ఏమీ వినిపించకపోతే బేరం మధ్యలో వదిలేసి మెట్లెక్కేవాణ్ణి. బేరం మధ్యలో లేచిన సందర్భాలు నా జీవితంలో అవి మాత్రమే.

దవాఖానలో డాక్టరు ఓ రోజు గొట్టం చెవుల్లోంచి తీసి మెడలో వేసుకుని అన్నాడు. "సేటు, మందు నేనిస్త. గాలి నువ్వియ్యాలె. ఈ ఇంట్లకెల్లి ఆమెను తీసుకపో. లేకుంటె ఇంకో రెండు మూడు చలికాలాలు గూడ అనుమానమే."

గాలి బస్తాల్లో దొరికితే ఎంత దూరమైనా వెళ్లి, వంకలు పెట్టి మరీ తెచ్చేవాణ్ణి. దొరకదు కనుక జాగా చూడటం మొదలుపెట్టాను.

హనుమకొండ దాటాక ఊరు ఆగిపోయి, నల్లరాతి బండలు మొదలయ్యే చోట ఓ పటేలు జాగా అమ్ముతున్నాడని తెలిసింది. వెళ్లి చూశాను. ఎత్తయిన నేల, చుట్టూ సీతాఫలం పొదలు, జాగా చివర గోదాములో పేర్చిన బస్తాల వరుసంత ఎత్తున రెండు బండలు. వాటి మధ్య ఓ మనిషి పట్టేంత సందు. చూడగానే మనసుకు నచ్చింది. కనుక వెంటనే ముఖం చిట్లించాను.

"దూరమైతది పటేలా."

"అవు సేటు, దూరమే" అన్నాడు పటేలు. చుట్ట వెలిగించుకుంటున్నాడు.

"నేల వాలుగున్నది."

"వాలే."

ఇలా అన్నిటికీ ఒప్పుకునేవాడితో బేరం కష్టం. అప్పుడు నా పెద్ద వంక బయటకు తీశాను. బండల వైపు చెయ్యి చాపి, గొంతు తగ్గించి అన్నాను. "ఆ బండ ఏ మూలకు పడ్డదో సూసినవా? ఈశాన్యం! ఈశాన్యంల గంత బరువుంటె ఆ ఇంట్ల ఆడమనిషి బతుకుతదా? ఎవడు కొంటడు పటేలా ఈ జాగ? ఏదో నేను గనుక..."

పటేలు చుట్ట నోట్లోంచి తీసి బండ వైపు చూశాడు. తాతల నాటి నుంచి ఆ బండ నీడన మేకలు కట్టేసిన మనిషి. దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "గట్లంటవా" అని, నేను అడిగిన ధరకు దిగాడు. అక్కడికక్కడే కొనేశాను.

అంతటితో నోరు మూసుకుని ఉంటే నేను నేను కాను. ఇంటికి వెళ్లి, అన్నం ముందు కూర్చుని, నా ప్రతాపమంతా చెప్పాను. పటేలు ముఖం ఎలా పడిపోయిందో, నేను గొంతు ఎలా తగ్గించానో నటించి చూపించాను. నా భార్య గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"గా ముచ్చట... నిజమేనా?"

"ఏ ముచ్చట?"

"ఆడమనిషి... బతకదని."

"అయ్యో, అది బేరం మాట! బేరంల వంద అంటం."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. "బేరంల... అబద్ధమాడిండ్రా... ఇప్పుడు ఆడుతాండ్రా?"

ముప్పై ఏళ్లుగా బజారులో ఎవరూ అడగని ప్రశ్న అది.

"దమ్ము పోతె... ఈడనే పోనియ్యిండ్రి" అంది. "ఆ బండ కిందికి... నేను రాను."

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. పంతులుతో చెప్పిద్దామంటే ఆయన జాగా వివరం విని, "ఈశాన్యంల బండ మంచిది కాదు మరి" అని నా మాటకే ముద్ర వేసిపోయాడు. నేను పుట్టించిన వంక నాకంటే బలంగా తయారై, మా ఇంట్లోనే కూర్చుంది. చివరికి బండను పగలగొట్టిద్దామనుకున్నాను. రాళ్లు కొట్టేవాళ్లు వచ్చి చూసి, అంత బండ పేల్చితే ఊరి చివరి ఇళ్ల గోడలు పగులుతాయని తలలు ఊపి వెళ్లారు.

ఆ రోజుల్లో మా దుకాణానికి నెలకోసారి ఓ ఓవర్సీరు వచ్చేవాడు. హైదరాబాదులో చదువుకుని సర్కారు కొలువులో చేరిన కుర్రవాడు. చెప్పిన ధర ఇచ్చేసి పోయేవాడు. బేరమాడనివాళ్లంటే నాకు అప్పట్లో కొంచెం జాలి, కొంచెం అనుమానం. కాని ఇళ్ల ప్లాన్లు గీస్తాడని విన్నాను కనుక ఓ రోజు టీ తెప్పించి అడిగాను.

"ఓవర్సీర్ సాబ్, ఎవరికన్న గీసిన పాత నక్షా ఉంటె ఇయ్యరాదు? కొత్తది గీసుడెందుకు? వాడినదైతె జర అగ్గువకు వస్తది."

ఆయన టీ పొలమారేంత నవ్వాడు. "ఇల్లు అంగీ కాదు సేట్ సాబ్, ఒకరు ఇడిస్తె ఇంకొకరు తొడుక్కునెటందుకు." నవ్వు ఆగాక అడిగాడు. "ఆ ఇంట్ల ఎవరికి ఏం కావాలె?"

డాబా కావాలి, నలుచదరంగా ఉండాలి, వీధిలోంచి చూస్తే నాలుగు కిటికీలు వరసగా కనిపించాలి, అని చెబుదామనుకున్నాను. పైనుంచి దగ్గు వినిపించింది.

"మా ఇంటామెకు దమ్ము కావాలె" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "జాగ సూపెట్టుండ్రి."

పొద్దున్నే చల్లగా పోదామంటే ఒప్పుకోలేదు. "ఎండ సంగతి ఎండకాలం పగటీలే తెలుస్తది" అని మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లాడు. కాగితం లేదు, టేపు లేదు. గుప్పెట్లో దుమ్ము తీసి నెమ్మదిగా వదిలేవాడు, అది ఎటు పోతుందో చూసేవాడు. మన్ను నాణ్యం పరీక్షిస్తున్నాడనుకుని, "మన్ను మంచిది కాదు సాబ్" అని అలవాటు కొద్దీ ఓ వంక పెట్టాను. ఆయన వినలేదు. బండల మధ్య సందులోంచి అవతలికి వెళ్లి మాయమయ్యాడు. కాసేపటికి కేక వినిపించింది.

"సేట్ సాబ్, ఇటు రాండ్రి! మేకల కాడికి!"

సందులోంచి పక్కకు తిరిగి దూరి వెళ్లాను. అవతల పటేలు మేకలు పదో పన్నెండో పడుకుని నెమరు వేస్తున్నాయి. వాటి మధ్య సర్కారు ఓవర్సీరు తెల్ల ప్యాంటుతో కూర్చుని ఉన్నాడు.

"కూసోండ్రి."

నా ఇస్త్రీ ధోవతి వైపు చూసుకుని, తప్పక కూర్చున్నాను. ముందు మేకల వాసన వచ్చింది. తరువాత గాలి వచ్చింది. అప్పటిదాకా అగ్గిలా తగిలిన గాలే. బండల నీడలో దూరి, ఆ ఇరుకు సందులో ఒత్తుకుని, సీతాఫలం పొదల్లోంచి బయటకు వచ్చేసరికి దాని కోపం సగం తగ్గింది. మిరపకాయలు మొద్దుబార్చిన నా ముక్కుకు ఎన్నో ఏళ్ల తరువాత పచ్చి ఆకు వాసన అందింది.

"మీరు బండకు ఉల్టా దిక్కున కొన్నరు" అన్నాడు ఓవర్సీరు. "మీ దిక్కు పగటీలి ఎండంత బండకు తగిలి ఇంటి మీదికి కొడుతది. పొద్దు గుంకినంక గూడ సెగ తగ్గది. ఈ దిక్కేమొ పగటీలి సంది నీడ. మేకలకు తెల్సింది మీకు తెల్వలె."

"బండను కదిలించలేం గద సాబ్."

"బండనెందుకు కదిలిచ్చుడు? మనమే ఇటు జరుగుదాం. ఇటు కడితె ఇంటికి బండ ఏ మూల అయితది?"

లెక్క వేసుకున్నాను. నైరుతి. బరువు ఎక్కడ ఉండాలని శాస్త్రం చెబుతుందో సరిగ్గా అక్కడ. నేను అబద్ధమనుకుని అన్నమాటలో కొంత నిజం ఉందని, అది తెలియక అన్నానని ఆ మేకల మధ్య అర్థమైంది. ముప్పై ఏళ్లుగా సరుకు చూడకుండానే వంక పెట్టడం అలవాటైంది నాకు. ఈ కుర్రవాడు వంక పెట్టకుండా ముందు చూశాడు. అంతే తేడా.

ఇంటికి వెళ్లి నా భార్యతో బండ మాట ఎత్తలేదు. "ఓవర్సీర్ సాబ్ నిన్ను మేకల నడుమ కూసోమన్నడు" అన్నాను.

"మేకలా?" అని నవ్వబోయి దగ్గింది. దగ్గుతూనే చెప్పులు వేసుకుంది.

రిక్షాలో తీసుకెళ్లాను. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక కొత్తవాడలో నేసిన జంపఖానా మేకల పక్కన పరిచాను. ఆమె బండకు వీపు ఆనించి కూర్చుంది. మధ్యాహ్నం వంగి సాయంత్రమవుతుంటే ఓ మేకపిల్ల వచ్చి జంపఖానా అంచు నమలడం మొదలుపెట్టింది. దాన్ని తోసేస్తూ ఆమె అంది. "మా అవ్వగారింటి ఎనుక గూడ గిసొంటి బండనే ఉండె."

పుట్టింటి గురించి ఏడు మాటలు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆమెకు ఆ సంగతి తెలియలేదు. నేను తల తిప్పుకుని సీతాఫలం పొదను చూశాను.

"ఇది ఎవరి జాగ?" అంది.

"ఇది గూడ పటేలుదే. మనది అవతలిది."

"ఇది తీసుకోండ్రి. అది... ఆయనకే ఇచ్చెయ్యిండ్రి." నన్ను బాగా ఎరిగిన మనిషి కనుక, "కాని దీనికి ఒక్క వంక గూడ పెట్టొద్దు" అంది.

మరునాడు పటేలును అక్కడికే పిలిచాను. ఆమె కూడా వచ్చి జంపఖానా మీద కూర్చుంది, మాటలు వినిపించేంత దూరంలో. జాగా మార్చుకుందామన్నాను. పటేలు నా ముఖం చూశాడు, బండను చూశాడు, నా భార్యను చూశాడు. మెల్లగా చుట్ట వెలిగించుకున్నాడు. ఆ మనిషి ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

"ఈ జాగల ఏం వంకున్నది సేటు?"

నోరు తెరిచాను. చీమల పుట్ట కనిపిస్తోంది, దారి ఇరుకు, మేకల పెంట. నాలుక చివర ఇరవై వంకలున్నాయి. జంపఖానా మీదనుంచి ఆమె చూస్తోంది.

"ఏం లేదు పటేలా."

"బండో?"

"మంచి బండ."

"ఏ మూలకున్నది?"

"నైరుతి."

"నైరుతిల బరువుంటె ఏమైతది? నాకు తెల్వదు, సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

"ఇల్లు నిలుస్తది."

"ఇల్లు సరే." పటేలు గొంతు తగ్గించాడు, ఆ రోజు నేను తగ్గించినట్టే. కాని వెక్కిరింపు లేదు. "ఇంట్ల ఆడమనిషో?"

నా జీవితంలో ఎన్నో మాటలు ధర కోసం అన్నాను. ఆ ఒక్కమాటకు ముందు పటేలును వదిలి జంపఖానా వైపు తిరిగాను.

"బతుకుతది" అన్నాను.

"మరి గదే ధర" అని పటేలు తన ధర చెప్పాడు. మొదటిసారి నేను తగ్గించినదంతా, దాని పైన ఇంకొంత. నేను సరేనన్నాను. బజారులో ఎవరికీ ఇప్పటిదాకా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

లేచి పోతూ పటేలు ఆగాడు. "జాగ సరే. ఇన్నేండ్ల సంది ఈడ పండుకునే మేకలకు ఏం జెప్పాలె?"

"రానియ్యే అన్నా" అంది నా భార్య. "అవి... నా కంటె ముందొచ్చినయి."

ఇల్లు మొదలైంది. అప్పట్లో కొత్త కాలనీల్లో కడుతున్న డాబాలన్నీ పెట్టెల్లా ఉండేవి. ఏ ఊళ్లో పెట్టినా ఒకటే. ఓవర్సీరు గీసినది ఆ జాగాలో తప్ప మరెక్కడా నిలబడదు. బండల సందుకు ఎదురుగా ఆమె గది. ఆ గదికి సందు వైపు కిందుగా ఒక వెడల్పు కిటికీ, అవతలి గోడకు పైన జాలీ, గాలి వచ్చి పోవడానికి. స్లాబు మీద సెగ దిగకుండా మందంగా డంగుసున్నం. నేలకు షాబాదు బండలు. ఇక బండ వైపు గోడ తిన్నగా లేదు. బండ ఎటు ఒంగితే గోడ అటు ఒంగింది. బండకూ గోడకూ మధ్య జానెడు సందు, కింద కాలువ. వానపడితే బండ మీది నీళ్లు ఆ కాలువలోంచి సీతాఫలం పొదలకు పోతాయి.

మేస్త్రి ముసలివాడు. గోడ నిలువు చూసే గుండు, దారం పక్కన పడేసి తల పట్టుకున్నాడు. "నలభై ఏండ్ల సంది గోడ తిన్నగ కట్టిన సేటు. ఇప్పుడు ఒంకర కట్టమంటాండు. నలుగురు సూస్తె మేస్త్రి తాగి కట్టిండంటరు."

"బండను ఆనుకుని కట్టొచ్చు గద తాతా, ఓ గోడ కలిసొస్తది" అన్నాను నేను, ఇటుకలు మిగులుతాయన్న ఆశతో.

ఓవర్సీరు ఒప్పుకోలేదు. "ఇల్లు బండను తాకద్దు సేట్ సాబ్. తాకితె నీళ్లు లోపటికొస్తయి. పక్కన కూసోవాలె, అంతే. మీరు మేకల పక్కన కూసున్నట్టు."

మేస్త్రి పకపకా నవ్వి తాపీ అందుకున్నాడు. "ఇన్నేండ్లు నువ్వు ఊరందరి మాలుకు వంక పెట్టినవ్ సేటు. ఇగ ఈయన నీ ఇంటికే వంక పెట్టిండు."

నక్షాలో నాకు నచ్చనిది ఒకటుంది. ఇంటి గేటు పక్కనే, ఇంటికి దూరంగా, ఓ గుసల్‌ఖానా. ఎందుకని అడిగితే, "మీకోసమే" అన్నాడు. దుకాణం నుంచి వచ్చి అక్కడ తానం చేసి, బట్టలు మార్చుకుని లోపలికి రావాలట.

"నా ఇంట్లకు నేను గిట్ల రావాల్నా?"

"సేట్ సాబ్, ఏమనుకోకుండ్రి. మీరు రోజు సగం బస్తా మిరపకాయలు అంగీల పెట్టుకుని ఇంటికి పోతాండ్రు. ఆమెకు పడనిది దుకాణం ఒక్కటే కాదు."

డాక్టరుకు తోచనిది, ఇన్నేళ్లు పక్కన పడుకున్న నాకు తోచనిది, ఇటుకలు పేర్చే విద్య చదివిన కుర్రవాడికి తోచింది. ఆ గుసల్‌ఖానాకు నేను ఒక్క వంకా పెట్టలేదు. నీళ్ల తొట్టి కొంచెం పెద్దది కట్టమన్నాను, అంతే.

గృహప్రవేశమై మొదటి వాన పడిన రోజు అందరం గోడకూ బండకూ మధ్య సందులోకి తొంగి చూశాం. నీళ్లు బండ మీదనుంచి జారి, కాలువలో పడి, బుద్ధిగా పొదల వైపు పోయాయి. ఇంట్లోకి చుక్క రాలేదు. మేస్త్రి ఒంకర గోడను అరచేత్తో తట్టి, "నేను ముందే అన్న, మంచిగుంటదని" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

దమ్ము ఒక్కరోజులో పోలేదు. ఆ చలికాలం కూడా ఆమె ఇబ్బంది పడింది, దవాఖానకు రెండుసార్లు పోయాం. ఎండాకాలం వచ్చింది. ఓ మధ్యాహ్నం నేను సరుకు పని తొందరగా ముగించుకుని ఇంటికి వచ్చాను. తానం చేసి, బట్టలు మార్చుకుని, గుసల్‌ఖానా బయట నిలబడి అలవాటు కొద్దీ చెవి ఒగ్గాను. దగ్గు లేదు. వంటింటి వైపు లేదు, గది వైపు లేదు. ఎంతసేపు నిలబడినా లేదు. తడి కాళ్లతో షాబాదు బండల మీద జారుతూ పరుగెత్తాను. గది ఖాళీ. మంచం ఖాళీ.

కిటికీలోంచి చూస్తే ఆమె బండల సందు దగ్గర నిలబడి ఉంది. చేతిలో చీపురు, చుట్టూ మేకలు. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"వచ్చిండ్రా, రాండ్రి, మీ ఓవర్సీర్ సాబును గూడ పిలువుండ్రి, వంటింటి కిటికి చిన్నగ పెట్టిండు, ఈ ఆకులు ఊడ్సి ఊడ్సి నా నడుము పోతాంది, బండ మీదికెల్లి ఉడుతలు దిగి పప్పులు తింటున్నయి, గా ఒంకర గోడకు మంచం ఆనదు, పెట్టె ఆనదు, మేకలు తులసి చెట్టు మొదలంట మేసినయి, వచ్చినోళ్లంత మంచిగున్నది మంచిగున్నదని పోతాండ్రు గాని ఇండ్ల ఉండెటోళ్లకు ఎరుక!"

నేను ఆమె ఎక్కడ ఆగుతుందోనని చూస్తూ నిలబడ్డాను. ఆగలేదు. గోడ పట్టుకోలేదు. ఒక్క దమ్ములో అన్నది.

"ఇంకేమున్నయి?" అన్నాను.

"ఇంకేముంటయి? నడువుండ్రి, అన్నం సల్లారుతాంది."

ఆమె చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్లింది. గోడ ఒంకరగా ఉంది కనుక చీపురు జారి కిందపడింది. నేను దాన్ని తీసి నిలబెట్టి, ఇంకొక్క వంక పెడుతుందేమోనని అక్కడే కాసేపు నిలబడ్డాను.